గండికి కారణం

రామచంద్రపురం,
మార్చి 9, 2025.

ఒరే సిలారూ,

ఉత్తరం చూసి కంగారుపడకు, ఎవరూ పోలేదు. ఫోన్ ఎత్తడం లేదేమని మీ అమ్మాయి మా సంపూర్ణమ్మని అడిగిందట. ఎత్తుతూనే ఉన్నాను, అవతలివాళ్ళ మాటే వినపడటం లేదు. ఎడమ చెవి కిందటేడే పదవీ విరమణ చేసింది, కుడిది ఈ చలికాలంలో దాని దారి పట్టింది. మిషను పెట్టించుకుంటే సంపూర్ణమ్మ మాట ఒక్కటి తప్ప వీధిలో లారీల మోతంతా వినపడుతోంది. ఇకనుంచి నీకూ నాకూ పోస్టాఫీసే దిక్కు. నా దస్తూరీకి వంకలు పెట్టకు. ఎనిమిదో తరగతిలో ఈ దస్తూరీ చూసే నువ్వు పరీక్ష పాసయ్యావు.

సంగతేంటంటే, మా చర్చికి అక్టోబరులో నూట పాతికేళ్ళు నిండుతాయి. ఆ సభలో ‘సృష్టి, నేటి విజ్ఞానం’ అని గంటసేపు నేను మాట్లాడాలట. ముప్పై నాలుగేళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పాను, అంతకంటే ఎక్కువ కాలం సంఘంలో పెద్దగా ఉన్నాను కాబట్టి, దేవుడున్నాడని ఫిజిక్సు చేత గంటలో ఒప్పించేస్తానని పాస్టరుగారి నమ్మకం. నాకూ ఆ నమ్మకమే ఉంది. మొదలంటూ ఉన్న ప్రతిదానికీ ఒక కారణం ఉండి తీరాలి. ఈ విశ్వానికి పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్ళ కింద మొదలుందని టెలిస్కోపులు చెబుతున్నాయి. కాబట్టి విశ్వానికో కారణం ఉంది. మూడే ముక్కలు, మూడోది పూర్తయ్యేసరికి చప్పట్లు. తీరా ఆరా తీస్తే ఈ వాదం మీవాళ్ళదట, వెయ్యేళ్ళ కింద బాగ్దాద్ వైపు పుట్టిందట.

కాలువ లాకుల దగ్గర షట్టర్లు ఎత్తీ దించే లస్కరు ఉద్యోగం చేస్తూ, ఆ గుడిసెలో కూర్చుని నువ్వు మీ మావయ్య ఇచ్చిన అరబ్బీ పుస్తకాలు చదువుతుంటే, షట్టరు తిప్పడానికి ఇంత వేదాంతం దేనికిరా అని వెక్కిరించేవాణ్ణి. ఆ వెక్కిరింత ఇప్పుడు వాపసు తీసుకుంటున్నాను. కారణం అనే మాట గురించి మీవాళ్ళు ఏం తేల్చారో నాలుగు పేజీల్లో, నాకర్థమయ్యేలా రాసి పంపు.

నీ
రాజరత్నం

*

ఉప్పాడ,
మార్చి 18, 2025.

రత్నం మాస్టారికి సలాం.

నీ కవరు తెచ్చిన పోస్టుమాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బ్యాంకూ కోర్టూ కాకుండా మనిషి రాసిన ఉత్తరం ఈ వీధిలో ఇవ్వడం ఈ ఏడాదికి ఇదే మొదలన్నాడు. ఇక్కడంతా క్షేమం. అల్లుడు చీరల బేరంతో, అమ్మాయి పిల్లలతో, నేను సముద్రంతో కాలక్షేపం చేస్తున్నాం. కిందటి నెల మా వీధి చివరింటి ప్రహరీ నీళ్ళలోకి వెళ్ళిపోయింది. నదుల్లోంచి ఇసక రావడం లేదని ఒకరు, ఒడ్డున వేసిన రాళ్ళు తేడాగా వేశారని ఒకరు, ఆ ఇంటివాళ్ళ గ్రహచారమని ఒకరు చెప్పారు. గోడ మాత్రం ఎవరినీ అడక్కుండా వెళ్ళింది.

నువ్వడిగిన సరుకు నా దగ్గర ఉంది గాని, నువ్వడిగిన కొలతలో లేదు. ఆ మూడు ముక్కల వాదం కలామ్ అనే శాస్త్రం చదివినవాళ్ళది. వాళ్ళు మూడో ముక్కతో ఆగలేదు. లోకమంతా అణువులే అన్నారు, కాలం కూడా అణువులే అన్నారు. ఏ గుణమూ రెండు క్షణాలు నిలవదట. దేవుడు ప్రతి క్షణం లోకాన్ని కొత్తగా పుట్టిస్తూ ఉంటాడట, సినిమా రీలులో బొమ్మల్లాగా. బొమ్మకీ బొమ్మకీ మధ్య ముడేమీ లేదు.

తొమ్మిది వందల చిల్లర ఏళ్ళ కింద బాగ్దాద్‌లో పాఠాలు చెప్పిన ఒక ఆచార్యుడు దూదినీ నిప్పునీ తీసుకున్నాడు. నిప్పు తగిలింది, కనపడింది. దూది కాలింది, అదీ కనపడింది. నిప్పే దూదిని కాల్చడం మాత్రం ఎవరికి కనపడింది అని అడిగాడు. కాల్చినవాడు దేవుడు, నిప్పు పక్కనుంది అంతే. ఎప్పుడూ అలాగే జరుగుతోందంటే అది దేవుడి అలవాటు. ఆ అలవాటుకి మనం కారణమని పేరు పెట్టుకున్నాం. నా ఉద్యోగంలో పెట్టి చెప్పాలంటే, షట్టరు ఎత్తడం వల్ల నీళ్ళు రావు. మనం షట్టరు ఎత్తుతాం, నీళ్ళు వస్తాయి. ఎత్తేవాడొకడు, పంపేవాడు ఇంకొకడు.

కాబట్టి మాస్టారూ, విశ్వానికి కారణం ఉందని వీళ్ళ దగ్గర అప్పు తెచ్చుకుంటే, విశ్వం లోపల దేనికీ ఏదీ కారణం కాదన్న మాట కూడా దాంతోపాటే ఇంటికొస్తుంది. దీని మీద స్పెయిన్ వైపు కార్డోబా ఊళ్ళో ఖాజీగా పనిచేసిన ఒకాయన వందేళ్ళ తరవాత మండిపడ్డాడు. కారణాలు లేవంటే ఇక మనిషికి తెలివి ఎందుకన్నాడు. నీకు ఆయన నచ్చుతాడు. నాకు బాగ్దాద్ ఆచార్యుడే ఇష్టం. ఇరవై ఆరేళ్ళుగా ఆయన్ని తలగడ కింద పెట్టుకునే నిద్రపోతున్నాను.

నీ
సిలార్

*

రామచంద్రపురం,
ఏప్రిల్ 2, 2025.

ఒరే సిలారూ,

ఖాజీగారికి నా నమస్కారాలు చెప్పు. అసలు మనిషంటే ఆయన. మీ ఆచార్యుడి సంగతి మాత్రం నాకు మింగుడు పడలేదు. బల్బు ఎందుకు వెలిగింది అని పరీక్షలో ప్రశ్నిస్తే, దేవుడి అలవాటండీ అని రాసినవాడికి నేను మార్కులెయ్యాలా? ముప్పై నాలుగేళ్ళు నల్లబల్ల మీద సుద్దముక్క అరగదీసి చెప్పిందంతా దేవుడి అలవాట్ల జాబితానా?

కారణం అంటే ఏంటో నీకు వేరే ఎవరో చెప్పక్కర్లేదు, కళ్ళారా చూసినవాడివి. తొంభై తొమ్మిదిలో మన పిల్ల కాలువకి గండి పడినప్పుడు రైతుల తరఫున నేను రాసిన రిపోర్టు గుర్తుందిగా. షట్టరు ఏడు చుట్లు ఎత్తితే కాలువలోకి నీరెంత వస్తుంది, ఎన్ని గంటలకి గట్టు అంచు తాకుతుంది, ఏ వంపు దగ్గర ముందుగా తెగుతుంది, అన్నీ లెక్కగట్టి పద్దెనిమిది పేజీల్లో పెట్టాను. ఇంజినీర్లు కిక్కురుమనలేదు. పేటలో కూలిన పదకొండు ఇళ్ళకీ పరిహారం వచ్చింది ఆ రిపోర్టు చూపించే. షట్టరు కారణం, గండి కార్యం. దీంట్లో దేవుణ్ణి ప్రతి చుట్టుకీ శ్రమపెట్టడం దేనికి? ఆయన మొదట్లో ఒక్కసారి విశ్వాన్ని కదిపి వదిలితే చాలు, మిగతాది ఫిజిక్సు చూసుకుంటుంది. నా ఉపన్యాసంలో ఆ మొదటి ముక్క వరకు మీవాళ్ళని ఉంచి, తక్కినదంతా ఖాజీగారికి అప్పగిస్తున్నాను.

పేర్లూ తేదీలూ ఉంటే పంపు. మా పాస్టరుగారికి తేదీలంటే గౌరవం.

నీ
రాజరత్నం

*

ఉప్పాడ,
ఏప్రిల్ 14, 2025.

రత్నానికి,

నీ రిపోర్టు గుర్తుంది. నీకు కూడా గుర్తుందని నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

తేదీలు వేరే కాగితం మీద రాసి పెట్టాను. బుఖారా వైపు నుంచి వచ్చిన ఒక వైద్యుడి మాట కూడా అందులో ఉంది. విశ్వానికి మొదలు లేకపోయినా సరే, అది తనంతట తాను నిలబడలేదు, దీపాన్ని పట్టుకుని వెలుగున్నట్టు ప్రతి క్షణం దేవుణ్ణి పట్టుకునే ఉంటుంది అంటాడు. నీ టెలిస్కోపులు రేపు మాట మార్చినా ఆయన మాట చెల్లుతుంది. పనికొస్తే వాడుకో.

నిన్న నాకు ఇరిగేషన్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. పోతురాజు కేసు. ఆ గండికి నిర్లక్ష్యమే కారణమని ఉద్యోగం పీకేసిన మన లస్కరు పోతురాజు ఇన్నేళ్ళూ కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. విచారణ సరిగా జరగలేదు, మళ్ళీ చెయ్యండని కోర్టు చెప్పిందట. అప్పటివాళ్ళలో బతికున్నవాళ్ళందరినీ జూన్‌లో రాజమండ్రి ఆఫీసుకి రమ్మన్నారు, ఒక్కొక్కరికి ఒక్కో తేదీ ఇచ్చారు. పోతురాజుకిప్పుడు యాభై తొమ్మిది. గెలిస్తే ఇంకా మూడేళ్ళు షట్టరు దగ్గర నిలబడొచ్చు. ప్రస్తుతం రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటున్నాడు.

రిపోర్టు రాసినవాడివి కాబట్టి నీకూ నోటీసు వచ్చే ఉంటుంది. వచ్చిందా?

సిలార్

*

రామచంద్రపురం,
ఏప్రిల్ 30, 2025.

ఒరే సిలారూ,

తేదీలు అందాయి, చాలా సంతోషం. ఈ పది రోజులూ బాగ్దాద్ ఆచార్యుడి గురించే ఆలోచిస్తున్నాను. ఆ రోజు తొందరపడి మాట తూలాను. ఆయన సామాన్యుడు కాడురా.

యురేనియం అణువొకటి తీసుకో. అది ఈ క్షణం పగలొచ్చు, వందకోట్ల ఏళ్ళ తరవాత పగలొచ్చు. పక్కనున్న అణువు అచ్చంగా దానిలాంటిదే, అది పగిలింది, ఇది పగల్లేదు. ఎందుకంటే ఎవరూ చెప్పలేరు. చెప్పడం చేతకాక కాదు, అక్కడ కారణమే లేదని మా వాళ్ళలో చాలామంది ఒప్పేసుకున్నారు. శూన్యంలో కణాలు అలా పుట్టి అలా మాయమవుతుంటాయి, ఎవరూ పుట్టించకుండానే. ఇంత జరుగుతుంటే పలానా దాని వల్లే పలానాది జరిగిందని గుండెమీద చెయ్యేసుకుని చెప్పడం ఎంత సాహసం. ఒక గట్టు తెగిందనుకో. పైన నీరుంది, నిజమే. అడుగున ఎండ్రకాయల బొరియలున్నాయి, అంతకుముందు వారం వాన ఉంది, ఎప్పుడో కంట్రాక్టరు ఎగ్గొట్టిన మట్టి ఉంది. వీటిలో కారణం ఏది? మీ ఆచార్యుడు అడిగిందీ ఇదే కదా. ఉపన్యాసంలో ఆయనకి ఇంకో పావుగంట పెంచాను.

నోటీసు వచ్చింది. వినపడని మనిషిని విచారణకి పిలిచి ఏం లాభం? చెవుల డాక్టరుగారు సర్టిఫికెట్ ఇస్తానన్నారు, పోస్టులో పంపించేస్తాను. అప్పటి సంగతులు అప్పుడే అయిపోయాయి. నువ్వు కూడా ఈ ఎండల్లో అంతదూరం బస్సెక్కడం మంచిది కాదు.

నీ
రాజరత్నం

*

ఉప్పాడ,
మే 9, 2025.

శ్రీ రాజరత్నం గారికి,

బాగ్దాద్ ఆచార్యుడికి మీరు పావుగంట పెంచినందుకు కృతజ్ఞతలు. నోటీసు అందాకే ఆయన గొప్పతనం మీకు తెలిసిరావడం నన్ను ఆశ్చర్యపరిచింది.

ఇది మనిద్దరికీ తెలిసిన సంగతే. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నోటితో అనుకోలేదు, అందుకని కాగితం మీద పెడుతున్నాను. తొంభై తొమ్మిది జూన్ ఇరవై ఒకటి సాయంత్రం, రిజిస్టరు ప్రకారం షట్టరు దగ్గర డ్యూటీ పోతురాజుది. భార్య వెంకటదుర్గకి నొప్పులొస్తున్నాయని కబురొచ్చి, నన్ను కూర్చోమని చెప్పి వెళ్ళాడు. మా లస్కర్లలో ఇది మామూలే. వంతులు నోటిమాటతో మార్చుకునేవాళ్ళం, రిజిస్టరు జోలికి వెళ్ళేవాళ్ళం కాదు. ఏదైనా తేడా వస్తే రిజిస్టర్లో ఎవరి పేరుంటే వాళ్ళదే పూచీ, రెండోవాడి పేరు బయటికి రాకూడదు. అది మా మధ్య కట్టుబాటు.

పొద్దు వాలాక మీరు స్కూటరు మీద వచ్చారు. పిల్ల కాలువ చివర మీ నారుమడి పసుపెక్కిపోతోంది, వంతు రావడానికి ఇంకా మూడు రోజులుంది. రెండు చుట్లు ఎత్తరా చాలు అన్నారు. రెండయ్యాక ఇంకొకటి అన్నారు. పక్కన నిలబడి చిన్నపిల్లాడికి ఎక్కం నేర్పుతున్నట్టు ఒకటీ రెండూ అంటూ పైకి లెక్కపెట్టారు. ఏడు దగ్గర నేనే ఆపాను. తెల్లవారుజామున నమాజుకి లేచేసరికి నీళ్ళ శబ్దం తేడాగా ఉంది. పరిగెత్తి వెళ్ళి షట్టరు దించేశాను. అప్పటికే గట్టు తెగి అరవై ఎకరాల నారుమళ్ళు మునిగాయి, పేట మునిగింది.

ఆడపిల్ల పుట్టిందని చెప్పడానికి పోతురాజు మిఠాయి పొట్లంతో తిరిగొచ్చాడు. ఇంజినీర్లు వచ్చేసరికి షట్టరు దగ్గర ఉన్నది అతను. రాత్రి నేను లేనండీ అన్నాడు. దాంతో విధుల్లో లేకపోవడం అని ఇంకో నేరం కలిపారు. నా పేరు చెప్పలేదు. నేనూ నోరు తెరవలేదు, నాకు ముగ్గురు ఆడపిల్లలు. మీరు పద్దెనిమిది పేజీల రిపోర్టు రాశారు.

పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్ళ కిందట జరిగినదానికి కారణం ఉండి తీరాలంటున్నారు. ఇరవై ఆరేళ్ళ కిందట, మన ఊళ్ళో, మనం చూస్తుండగా జరిగినదానికి మాత్రం కారణం చెప్పడం సాహసం అంటున్నారు. మీ సభలో దీన్ని ఏ ముక్క కింద చెబుతారో రాయండి.

షేక్ సిలార్

*

రామచంద్రపురం,
మే 17, 2025.

సిలార్ గారికి,

మీరు గారు అన్నారు కాబట్టి నేనూ అంటున్నాను.

ఒకటి చెప్పాలి. ఆ రిపోర్టులో పోతురాజు పేరు నేనెక్కడా రాయలేదు. నేను షట్టరని రాశాను, మనిషిని రాసుకున్నది ఆఫీసువాళ్ళు. ఆ రిపోర్టే లేకపోతే పేటలో పదకొండు కుటుంబాలు ఇంకా టార్పాలిన్ కిందే ఉండేవి. అడగడం వేరు, తిప్పడం వేరు. వంతు కాదు మాస్టారూ అని ఒక్క మాట అని ఉంటే నేను స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయేవాణ్ణి. కాదనలేదు మీరు. ఆ తరవాత పదమూడేళ్ళు అదే ఉద్యోగం చేశారు, ఇప్పుడు పింఛను తీసుకుంటున్నారు. పోతురాజు మీద ఇంత జాలి పదమూడేళ్ళలో ఏ రోజూ డ్యూటీకి ఎక్కలేదే.

అసలు మీ శాస్త్రం ప్రకారం షట్టరు నీళ్ళు తేదు. తెచ్చేవాడు దేవుడు. మరి మీ తప్పెక్కడిది, నా తప్పెక్కడిది? మీ ఆచార్యుణ్ణి అడిగి చెప్పండి.

ఇంతవరకు రాసి చింపేద్దామనుకున్నాను. చింపలేదు. ఒరే, నాకు భయంగా ఉందిరా. ఈ ఊళ్ళో నాకున్నదల్లా పేరొక్కటే. బజార్లోకి వెళితే కూరలమ్మేవాళ్ళు కూడా మాస్టారూ అని లేచి నిలబడతారు. డెబ్భై రెండేళ్ళకి అది పోగొట్టుకుంటే మళ్ళీ తెచ్చుకోవడానికి టైము లేదు. రాజమండ్రి వెళ్ళకు. వెళ్ళినా నీకేమీ తెలీదని చెప్పు.

రాజరత్నం

*

ఉప్పాడ,
జూన్ 1, 2025.

ఒరే రత్నం,

నువ్వు భయంగా ఉందన్నాక ఇక గారు అని రాయలేను.

ఆచార్యుణ్ణి అడగమన్నావు కదా, అడిగాను. ఆయన గురువులందరూ ఒకే జవాబు చెప్పారు. దానికి కస్బ్ అని పేరు, సంపాదించుకోవడం అని అర్థం. ఏ పనినైనా సృష్టించేది దేవుడే, కాని ఆ పని వైపు చెయ్యి చాపిన మనిషి దాన్ని తన పేర సంపాదించుకుంటాడు. చివరిరోజున లెక్క చెప్పవలసింది సంపాదించుకున్నవాడే. నిప్పు దూదిని కాల్చలేదని అంత పట్టుగా చెప్పినవాళ్ళు, నిప్పు పెట్టినవాణ్ణి మాత్రం వదిలిపెట్టలేదు. ఈ అధ్యాయం నా పుస్తకంలోనే ఉంది. గండి పడిన ఏడాదే నేను ఆ పుస్తకం మళ్ళీ మొదలుపెట్టాను. దూదీ నిప్పూ దగ్గర ఆగి, ఎంత హాయిగా ఉందో అనుకుని, ఈ అధ్యాయం వచ్చినప్పుడల్లా పేజీలు దాటించేవాణ్ణి. శాస్త్రం తప్పు కాదు. నేను నాకు కావలసిన సగమే చదివాను, నువ్వు నీకు కావలసిన సగం నన్నడిగావు.

పదమూడేళ్ళలో జాలి డ్యూటీకి ఎక్కలేదన్నావు. నిజం. కోపం వచ్చింది, రెండు రోజులు అన్నం సయించలేదు, మూడో రోజుకి నిజమని తేలింది.

నాకు ఇచ్చిన తేదీ జూన్ పన్నెండు. ఆ సాయంత్రం డ్యూటీలో ఉన్నది నేనని, తిప్పిన చెయ్యి నాదని రాసి ఇస్తాను. పింఛను ఆగొచ్చునని అల్లుడికి ముందే చెప్పాను. అతను బస్ టైము చూసి పెట్టాడు. నీ పేరు నా నోటి నుంచి రాదు. ఎవరు అడిగితే తిప్పావంటే, చెయ్యి నాది అన్నదొక్కటే చెబుతాను. నీ సంగతి నువ్వు చూసుకో.

విశ్వం గురించి ఇంకేమీ రాయను. కాలం కూడా అప్పుడే మొదలైందంటున్నారు మీవాళ్ళు. దానికి ముందు అనేదే లేకపోతే కారణం ఎక్కడ నిలబడుతుందో నాకు తెలీదు, నాకంటే పెద్దవాళ్ళు తేల్చుకుంటారు. గండికి ముందు మాత్రం ఒక సాయంత్రం ఉంది. అది నాకు తెలుసు.

నీ
సిలార్

*

రామచంద్రపురం,
జూన్ 27, 2025.

ఒరే సిలారూ,

పంతొమ్మిదిన రాజమండ్రి వెళ్ళాను. సర్టిఫికెట్ పోస్టు చెయ్యలేదు, జేబులో పెట్టుకుని వెళ్ళాను. మనిషి వచ్చాడన్న మర్యాదా దక్కాలి, వినపడదన్న సాకూ ఉండాలి. నా పథకం అది.

విచారణ అధికారి హారతి గారని, మా అమ్మాయి రూబీ వయసుంటుంది. సర్టిఫికెట్ చూసి, ఫర్వాలేదండి అని సైగ చేసి, ఒక నోట్‌బుక్కు నా ముందుకు తోశారు. ప్రశ్న ఆవిడ రాయడం, జవాబు నేను రాయడం. అలా ఉత్తరాల్లో విచారణ జరుగుతుందని నేనూ అనుకోలేదు. బల్లకి అవతల ప్లాస్టిక్ కుర్చీలో పోతురాజు కూర్చున్నాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

నీ స్టేట్‌మెంటు ఫైల్లో పైన ఉంది. చెయ్యి నాది అన్న ముక్క దగ్గర ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. ఆవిడ మొదటి నాలుగు ప్రశ్నలూ తేలికవే. అయిదోది ఇలా రాశారు. ‘మీ రిపోర్టు మా ఇంజినీర్ల రిపోర్టు కంటే బాగుంది, మూడుసార్లు చదివాను. ఒక్క సందేహం. తెల్లారేసరికి షట్టరు దించేసి ఉంది. ఎంత ఎత్తారో చెప్పే గుర్తు అక్కడేమీ లేదని మావాళ్ళు రాశారు. మీరు ఏడు చుట్లని ఎలా లెక్కగట్టారు?’

ఇరవై ఆరేళ్ళుగా ఆ రిపోర్టు ఎంతమంది చదివారో. ఆ పేజీ చూపించి నేనెంతమంది దగ్గర గొప్పలు పోయానో. సరిగా లెక్క వెయ్యాలన్న యావలో, అక్కడ లేనివాడికి తెలియని అంకె రాసేశానని ఒక్కరోజు తట్టలేదు. నాకే తట్టలేదు. అయినా జవాబులు మూడు అప్పటికప్పుడు సిద్ధమయ్యాయి. షట్టరు మర మీద గ్రీజు చెరిగిన ఎత్తు, స్తంభానికి అంటిన బురద చార, గట్టు తెగిన వెడల్పు నుంచి వెనక్కి గుణించడం. మూడూ సైన్సే, మూడిట్లో ఏది రాసినా చెల్లిపోయేది. పెన్ను తీసుకున్నాను.

‘లెక్కగట్టలేదు. పక్కన నిలబడి లెక్కపెట్టాను’ అని రాశాను.

ఆవిడ ఆ వాక్యం కింద కూడా ఎర్ర సిరాతో గీత గీశారు. తరవాత, వివరంగా రాసి సంతకం పెట్టండి అని కింద రాశారు. రెండు పేజీలు రాశాను. అప్పుడు పద్దెనిమిది పేజీల్లో పట్టనిది రెండు పేజీల్లో పట్టింది. పోతురాజు ఉత్తర్వు రద్దు చెయ్యమని సిఫారసు పంపుతానన్నారు. నీ పింఛను మీదా నా మీదా ఏం చేస్తారో పైవాళ్ళు చూస్తారట. నాకు తెలిసినంతలో నిన్ను వదిలెయ్యమని ఒక పేరా రాశాను, అది సైన్సు కాదు.

పాస్టరుగారికి తిరిగి రాగానే చెప్పాను. ఆయన ప్రార్థన చేద్దామన్నారు, చేశాం. వచ్చే ఆదివారం వాక్యం చదివే వరసలో నా పేరు లేదు. అక్టోబరు సంగతి నేనడగలేదు, ఆయన చెప్పలేదు. సంపూర్ణమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడలేదని మూడో రోజు కాగితం మీద రాసి చూపించింది, లేకపోతే నాకు తెలిసేది కాదు.

ఆ రోజు బయట వరండాలో పోతురాజు నాకోసం నిలబడి ఉన్నాడు. క్షమించమన్నట్టు చేతులు పట్టుకున్నాను. అతను నా చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాడు. “ఆ పిల్ల కాలవ చివర ఎవరి నారుమడుందో నాకు తెలీదేంటండీ మాస్టారూ. సిలార్ గారు బాధపడక్కర్లేదండి. ఆ వేళ నేనున్నా తిప్పేవాణ్ణే కదండీ. మీరొచ్చి అడిగితే ఎవడు కాదంటాడండీ?”

నాకు వినపడలేదనుకుని అదే మాట మళ్ళీ చెప్పాడు, ఇంకాస్త గట్టిగా. ఆఫీసులో గుమాస్తాలు తలలెత్తి చూశారు. నన్ను ఓదార్చడానికే అన్నాడురా, ఆ మొహంలో ఇంకే ఉద్దేశమూ లేదు. నువ్వు కాకపోతే అతను తిప్పేవాడు, అతను కాకపోతే ఇంకొకడు. అలా నీ చేతుల మీది బరువు రెండు మాటల్లో దించేశాడు. దించినదాన్ని ఎవరి నెత్తిన పెట్టాడో అతనికి తెలీదు.

నీ
రత్నం